ఏరొచ్చిన పండుగ సంత

బక్రీదుకు ముందు ఒమాన్‌లోని షినాస్‌లో జరిగే సంతకు పిల్లల్ని తీసుకెళతానని నేను పట్టుబడితే మా ఆయనకు అసలు నచ్చలేదు. "మనముండే రూవిలో మేకలు లేవా, ఉయ్యాలలు లేవా?" అన్నాడు. ఆయనకు డ్యూటీ, రాలేదు. తొంభైల చివరి మాట ఇది. ఐదేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని, చిన్నవాణ్ణి చంకనేసుకుని టాక్సీ ఎక్కాను. నేను పెరిగింది షినాస్‌లోనే. ఆ సంతను ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

మా అబ్బా, అంటే మా నాన్న, కడప నుంచి వచ్చిన దర్జీ. ఆ ఊళ్లో మగవాళ్లు తొడుక్కునే పొడుగు చొక్కాల్లో సగం ఆయన కుట్టినవే. అమ్మీ పోయినా కొట్టు మూయలేదు, పని మానలేదు.

సంత వాదిలో జరుగుతుంది. వాది అంటే ఎండిన ఏరు. పడమటి కొండల నుంచి సముద్రం దాకా గులకరాళ్లూ ఇసుకా, అక్కడక్కడా తుమ్మచెట్లు. చదునుగా ఉంటుంది కాబట్టి పికప్ బండ్లన్నీ అందులోకే దిగుతాయి. మేకల్ని గుండ్రంగా నడిపిస్తుంటే కొనేవాళ్లు చుట్టూ కూర్చుని బేరమాడతారు. ఒక పక్క పెద్ద బానలో హల్వా కలుపుతుంటారు, ఇంకో పక్క చేత్తో తిప్పే చెక్క ఉయ్యాల.

ఎనభైల మొదట్లో, నాకు పదకొండేళ్లప్పుడు, ఆ సంతలోకి ఏరొచ్చింది. నా కూతుర్ని నిద్రపుచ్చడానికి నేను చెప్పే కథ అదే. మా కడప పక్క ఎండిన ఏట్లోకి నీళ్లొస్తున్నాయంటే ఇంట్లో ఎవరూ నిలవరు, ఎదురెళతారు. హిందువులు పసుపు కుంకుమ చల్లుతారు, మావాళ్లు దోసిట్లో పట్టి బిస్మిల్లా అని కళ్లకద్దుకుంటారు. అబ్బా కూడా ఆ రోజు నా చెయ్యి పట్టుకుని నీళ్లకు ఎదురు నడిచాడు. నురగ వచ్చి నా చెప్పుల్ని తాకింది. అంతలో పెళ్లి ఊరేగింపులా హారన్లు మోగించుకుంటూ ఒక పికప్ వచ్చింది. ఒమానీ ముసలాయన ఒకడు నన్ను రెక్క పట్టి పైకి లాగి మేకల మధ్య కూర్చోబెట్టాడు. బండి గట్టు మీదికి ఎగిరింది. వెనకాలే అబ్బా పరుగు. పైకెళ్లాక నా చేతిలో హల్వా పెట్టారు. సంత మొత్తంలో నాకు దొరికిన మంచి ఆట అదే, అదీ ఉత్తపుణ్యానికి. ఇంటికెళ్లాక అమ్మీ అబ్బాతో మాట్లాడలేదు. తనకు హల్వా తేలేదని అలిగింది కాబోలనుకున్నాను.

"ఈసారి కూడా నీళ్లొస్తాయా అమ్మీ?" అని దారిపొడుగునా నా కూతురు ఒకటే గోల.

అబ్బాను వెంటబెట్టుకుని మేం వాదిలోకి దిగేసరికి నెత్తిన ఎండ చుర్రుమంటోంది. పడమటి కొండలు మాత్రం కనిపించలేదు. అక్కడ మబ్బు కూడా కాదు, బూడిదరంగు చీకటేదో అడ్డంగా నిలబడి ఉంది. మేకల్ని బేరమాడకుండానే బండ్లెక్కిస్తున్నారు. అప్పుడే అమ్ముడుపోయాయా అనుకున్నాను. మేకలు మాత్రం నిలబడమంటే నిలబడడం లేదు, అన్నీ ఒకే పక్కకు లాగుతున్నాయి. హల్వా బాన కింద నిప్పు ఆర్పేశారు. ముసుగు కట్టుకుని బొమ్మలమ్మే ఆడవాళ్లు ఎప్పుడు లేచిపోయారో చూడనేలేదు. చల్లగాలి ఒకటి వచ్చి చెంపకు తగిలింది. నాకు భయం వేసింది. దేనికో తెలియలేదు, చిన్నవాణ్ణి మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

"అబ్బా, ఇంటికి పోదాం పా."

ఆయన వినలేదు. ముక్కు పైకెత్తి గాలి పీలుస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. "యాడో వాన పడినట్టుండాది మ్మే. మట్టి వాసన రాలా నీకు?"

"వాది! వాది!" అని ఎవరో అరిచారు, ఏరొస్తోందని. అందరూ గట్టు వైపు పరిగెత్తారు. పిల్ల అబ్బాతో వెనకే వస్తోందనుకుని నేనూ ఎక్కాను. వెనక్కి తిరిగి చూస్తే అబ్బా, నా కూతురు లేరు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఏటి మధ్యలో ఎగువకు నడుస్తున్నారు. పిల్ల చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"అబ్బా! వెనక్కి రా! బిడ్డను తీసుకోని రా!" గొంతు చిరిగేలా అరిచాను. కంకర లారీ దించినట్టు ఒక చప్పుడు, ఆగకుండా దగ్గరికొస్తోంది. నా అరుపు నాకే వినపడలేదు. చంకలో వీడు మెడ పట్టుకుని వేలాడుతున్నాడు. వీణ్ణి ఎవరి చేతిలో పెట్టను, ఎట్లా దిగను? నా బిడ్డ పోయిందనే అనుకున్నాను.

వంపు తిరిగి నీళ్లు వచ్చాయి. నురగ కాదు. మోకాళ్లెత్తు గోధుమరంగు మట్టిగోడ, దాని మీద ఖర్జూరపు మొద్దులు, ఎవరి ఇంటిదో తలుపు. అబ్బా వంగి దోసిలి పట్టాడు. ఆయన్ని చూసి నా కూతురూ పట్టింది.

అప్పుడు మోగింది హారన్, ఆగకుండా. గట్టు మీది నుంచి ఒక పికప్ కిందికి దూకింది. వెనక నిలబడ్డ మనిషి పిల్లను రెక్క పట్టి లాగేశాడు, అబ్బాను చొక్కా మెడ పట్టి ఈడ్చాడు. బండి గట్టెక్కుతుంటే వెనక చక్రాల కింద నీళ్లు చీలాయి. కాసేపటికి చెక్క ఉయ్యాల తిరుగుతూ సముద్రం వైపు వెళ్లిపోయింది.

"మజ్నూన్!" అని ఆ మనిషి అబ్బాను తిట్టాడు. పిచ్చోడా అని. తిడుతూ తనే ఏడుస్తున్నాడు.

అబ్బా నీళ్లోడుతూ బండి దిగాడు. "మనూరి ఏరు మాదిరి మెల్లగా వస్తాదనుకుంటి," అన్నాడు. "పోయినసారి మెల్లగానే వచ్చింది కదమ్మా."

నా కూతురు మేకల మధ్య నిలబడి చప్పట్లు కొడుతోంది. "అమ్మీ, నువ్వు చెప్పిన బండి ఇదే కదా? ఇంకోసారి ఎక్కిస్తారా?"

దించుకుని చూస్తే దాని జబ్బ మీద ఆ మనిషి వేళ్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. నాకూ ఆ రోజు సరిగ్గా అక్కడే కమిలింది. అమ్మీ దానికి కొబ్బరినూనె రాస్తూ ఏడ్చింది. కథ చెప్పినప్పుడల్లా ఆ ముక్క ఎట్లా మరిచిపోయేదాన్నో నాకు తెలియదు.

"ఎక్కిస్తారా అమ్మీ?" అని అది మళ్లీ అడిగింది. అబ్బా నా మొహం వైపు చూడలేదు. నేను దాని జబ్బను అరచేత్తో కప్పి, అమ్మీలాగే ఏడ్చాను.