చర్చి సీసా మత్తు

నాకు మందు కావాల్సింది రుచికి కాదు, సాకుకి. రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులవి. ఇరవై మూడేళ్లదాన్ని. కార్ఖానా ఏరియాలో ఒక బ్యూటీ పార్లర్‌లో పని, నా పక్క కుర్చీ నా స్నేహితురాలిది. రోజంతా పక్కనే ఉన్నా సరే, ఆమె చెయ్యి పట్టుకోవాలంటే నాకు చెమటలు పట్టేవి. అదే కాస్త బీరు లోపలికి పోతే చాలు, ఒళ్లో తల పెట్టి పడుకునేదాన్ని. మర్నాడు ఆమె అడిగేలోపే నేనే అనేసేదాన్ని, "నిన్న ఫుల్లు ఎక్కిందే, ఏం చేసిన్నో యాదికే లేదు" అని. అన్నీ గుర్తుండేవి, ఆమె జడలోని కొబ్బరినూనె వాసనతో సహా.

ఆమెవాళ్లు కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు, ఇక్కడే పెరిగిన ఆమెకు మాత్రం మా మాటే అబ్బింది. క్రిస్మస్ ముందు వాళ్లమ్మ జాడీలో ద్రాక్షపళ్లు, పంచదార, లవంగాలు వేసి వైన్ పెట్టేది. ఒక శనివారం మధ్యాహ్నం ఆమె చున్నీ కింద సీసా దాచి వాళ్లింటి మేడమీదికి తెచ్చింది.

"జెర మెల్లగ తాగు!" అని ఆమె అంటున్నా వినకుండా సగం లాగించేశాను. భలే తియ్యగా ఉంది. కాసేపటికే ఒళ్లు తేలిపోయింది. తల ఆమె ఒళ్లోకి చేరింది.

"నువ్వంటే నాకు పానమే. దోస్తు లెక్క గాదు," అనేశాను.

ఆమె నోరు తెరిచేలోపే కింద నుంచి వాళ్లమ్మ అరుపు.

"ఒసేయ్, ఫ్రిజ్‌లో సీసా ఎవరు తీశారే? రేపు చర్చిలో ప్రభువు బల్లకని కాచి వడగట్టి పెట్టాను!"

వాళ్ల చర్చిలో బల్ల దగ్గర రొట్టెతో పాటు ఇచ్చేది మామూలు రసమే, పులిసింది చుక్క కూడా వాడరు. వైన్ జాడీ వంటింట్లో కదలకుండా ఉంది. నేను తాగింది ఉత్త ద్రాక్షరసం.

గబుక్కున లేచి కూర్చున్నాను. "అది... ఎక్కి..." అన్నాను అలవాటుగా.

"ఏం ఎక్కిందే, ద్రాక్షపండా?" అని పడీపడీ నవ్వింది. నవ్వడం ఆపి నా కళ్లలోకి చూసింది. "రేపు మళ్ల యాదికి లేదంటవా?"

అప్పుడర్థమైంది, నా సాకును ఆమె ఏనాడూ నమ్మలేదని. దాక్కోవడానికి సీసాలో ఏమీ లేదు.

"ఉంటది," అన్నాను. "గప్పటియి సుత అన్నీ యాదికున్నయ్."

"నాకు సుత," అంది మెల్లగా.

"ఇద్దరూ పోయి ద్రాక్షపళ్లు పట్రండి, మళ్లీ కాచాలి!" అని కింద నుంచి ఇంకో కేక.

వెళ్లాం. బజారంతా నేనే ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను. చెమటలు మాత్రం పట్టాయి.