ఫ్రాదెల్ వండిన పప్పు

మా లోగిలిలో పద్నాలుగు కాపురాలు. ఎవరింట్లో జబ్బు చేసినా, పెళ్లి కుదిరినా, ప్రాణం పోయినా, ఆ ఇంటి చుట్టాలకంటే ముందు ఫ్రాదెల్‌కు తెలిసేది. ఎలా తెలుస్తుందని అడిగితే, "మీ కిటికీలన్నీ నా వంటింటి వైపే ఉన్నాయి, నన్నేం చెయ్యమంటారు" అనేది. పొట్టి మనిషి. తలగుడ్డ ఎప్పుడూ ఓ పక్కకి జారి ఉండేది. చేతికి ఎముక లేదు, నోటికి తాళం లేదు.

జెరూసలేంలో మా యూదుల పేటలాంటి చోట సాయానికి కొదవుండదు. ఒకావిడ పెళ్లికూతుళ్లకు గౌన్లు అరువిస్తుంది. మెట్ల కింద గదిలో ఉండే ఆయన చావింట్లో ఏడు రోజులు సంతాపంగా కూర్చునేవాళ్లకు పొట్టి కుర్చీలిస్తాడు. ఫ్రాదెల్ ఏ ఒక్కదానికీ కట్టుబడలేదు. జబ్బు మనిషికి కోడి చారు, పెళ్లింటికి తేనె కేకు, చావింటికి మసూర్ పప్పూ ఉడికించిన గుడ్లూ. పాతిపెట్టి వచ్చినవాళ్లు మొదటి ముద్ద సొంత ఇంటిది తినకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. మా లోగిలిలో ఇరుగుపొరుగంటే నలభై ఏళ్లుగా ఫ్రాదెలే.

చారైతే పదిసార్లు రుచి చూసేది. చావింటి పప్పును మాత్రం నాలుక మీద వేసుకునేది కాదు. రుచి చూస్తే చావును మన ఇంటికి పిలిచినట్టేనని వాళ్లమ్మ చెప్పిందట. అలాంటిదేమీ లేదని మా మతగురువు రబ్బీ చెప్పినా వినలేదు.

అడగడానికి ఆమెకు సిగ్గు లేదు, పరాయివాళ్ల కోసమైతే. మా మీద మేడలో ఉండే హిండా కూతురి పెళ్లి అలాగే జరిగింది. హిండా భర్త అన్షెల్‌కు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి, ఇక ఆ ఇంట్లో పెళ్లి ఖర్చుకు ఏం మిగులుతుంది? ఫ్రాదెల్ నలభై గడపలు ఎక్కింది. కిరాణా ఆయన వంద షెకెళ్లు చేతిలో పెడితే ఆ నోటును వెలుతురుకు పెట్టి చూసి, "ఇంతేనా? మీ ఆవిడకి చెప్పమంటావా, నువ్వే ఇంకోటి తీస్తావా?" అంది. ఆయన ఇంకోటి తీశాడు.

పెళ్లయిన నెలకు హిండా ఒక బల్లగుడ్డ తెచ్చింది. చలికాలమంతా కూర్చుని అంచు కుట్టింది. తర్వాత వచ్చే పేద పెళ్లికూతురికి ఇవ్వమంది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"నీ దగ్గర తీసుకోవడమేమిటే పిచ్చిదానా," అంది ఫ్రాదెల్, గుడ్డ మడిచి తిరిగి ఆమె చంకలో పెడుతూ. "అమ్ముకో. మీ ఆయన మందులకొస్తుంది."

ప్రేమతోనే అంది. హిండా మొహం మాత్రం చూడలేకపోయాను. దానం తిని బతికేవాడు కూడా దానం చెయ్యాల్సిందేనని మా పెద్దలు ఊరికే రాయలేదు. ఇవ్వడానికీ ఓ చోటు కావాలి మనిషికి. ఫ్రాదెల్ ఎవరి దగ్గరా తనకోసం పిడికెడు పిండి తీసుకునేది కాదు, తీసుకునేవాళ్లను ఇవ్వనిచ్చేదీ కాదు. నాకు ఆమె మీద ఎప్పుడైనా కోపం వచ్చిందంటే అందుకే.

మొన్న వేసవిలో అన్షెల్ అన్నగారు పోయారు. పొద్దున్నే పాతిపెట్టి వచ్చారు. తొమ్మిదింటికల్లా ఫ్రాదెల్ పప్పు గిన్నె, గుడ్లు పైకి మోసి ఇచ్చి దిగింది. కిందికి వచ్చేసరికి వాళ్లాయన కల్మన్ కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నాడు. ఏడాదిగా గుండె జబ్బు మనిషి. పిల్లల్లేరు వాళ్లకు. మా ఊళ్లో శవాన్ని ఉంచరు, మూడింటికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. నాలుగింటికి ఫ్రాదెల్, మా ఆచారం ప్రకారం మెడ దగ్గర చింపిన గౌనుతో, తన ఇంట్లో పొట్టి కుర్చీలో కూర్చుంది.

పదకొండుమంది ఆడవాళ్లం వచ్చాం. అద్దానికి దుప్పటి కప్పాం, కుర్చీలు జరిపాం. "ముందు ఈమెకి ఏదైనా పెట్టండమ్మా" అని ఎవరో అన్నారు. అందరం వంటింటి వైపు చూశాం. పొయ్యి మీద గిన్నె ఉంది. మూత తీస్తే పప్పు, పొద్దున పైకి పంపగా మిగిలింది. గరిటె అందుకున్నాను.

"ఆగు బ్రైనా," అంది ఫ్రాదెల్. "అది నాది."

అప్పుడు తెలిసొచ్చింది. పదకొండుమందిలో ఒక్కరూ ఏమీ తేలేదు. చావింటికి పప్పు దానంతటదే వస్తుందనుకున్నాం. నలభై ఏళ్లుగా అలాగే వచ్చింది మరి. నేనూ అంతే, చేతులు ఊపుకుంటూ వెళ్లాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"గంటలో వండి తెస్తానక్కా," అన్నాను.

"నీ పప్పా? అది తిని బతుకుతున్నాడంటే మీ ఆయన గట్టివాడు. వద్దు."

"పోనీ గుడ్లు ఉడకబెడతా."

"వద్దన్నానా? చుక్కలు పొడిచాక సొంతది తినొచ్చు. రాసి ఉంది. నాలుగు గంటలు ఆగలేనా?"

రాసి ఉన్నమాట నిజమే. కానీ ఆమెకు చక్కెర జబ్బు. పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదు. ఇంకొకామె తన ఇంట్లో కేకుందంది, మరొకామె రొట్టె తెస్తానంది. అందరికీ ఒకటే జవాబు. తీసుకోవడం ఆమెకు చేతకాదు, దానికి తోడు శాస్త్రం కూడా దొరికింది.

అంతలో గుమ్మంలో హిండా కనిపించింది. రెండు చేతులా గిన్నె పట్టుకుని ఉంది. వచ్చి ఫ్రాదెల్ ముందు నేల మీద కూర్చుని మూత తీసింది. పప్పు, పక్కన రెండు గుడ్లు.

"తిను అక్కా."

గిన్నె పిడికి తను గుర్తుగా కట్టిన ఎర్ర దారం చూసింది ఫ్రాదెల్. "ఇది నాదే కదే. తీసుకెళ్లు. అన్షెల్‌కు రాత్రికి ఉంచు."

"గిన్నె నీది. తోమి ఇస్తాను. పప్పు నాది."

"నేనే కదా వండింది?"

"వండావు, నాకిచ్చావు. ఇచ్చాక కూడా నీదేనా?"

ఫ్రాదెల్ ఆ ఎర్ర దారాన్ని వేలితో తడిమింది.

"నీదే అయితే చెప్పెయ్," అంది హిండా. ఆమె గొంతు ఎప్పుడూ పైకి లేవదు, అప్పుడూ లేవలేదు. "మా ఆయన పొద్దున తిన్నది ఇరుగుపొరుగు ఇచ్చిన ముద్ద కాదని చెప్తాను. ఇన్నేళ్లూ నువ్విచ్చింది ఏదీ మాది కాలేదని కూడా చెప్తాను."

ఫ్రాదెల్ జారిన తలగుడ్డ సర్దుకుంది. తర్వాత చెయ్యి చాచింది. హిండా చెంచా ఆ చేతిలో పెట్టింది. ఫ్రాదెల్ మా వైపు చూడకుండా తిన్నది. నాలుగు చెంచాల తర్వాత ఆగింది.

"ఇందులో ఉప్పు లేదు."

"ఎప్పుడూ ఉండదు అక్కా," అంది హిండా.

"ఎప్పుడూ అంటే?"

"మా అమ్మ పోయినప్పుడూ లేదు. మా మామ పోయినప్పుడూ లేదు."

ఫ్రాదెల్ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. మేమంతా ఆ పప్పు తిన్నవాళ్లమే. "నలభై ఏళ్లు," అంది. "ఒక్కరూ చెప్పలేదేం?"

"పెట్టే చేతికి ఎవరు చెప్తారు," అంది హిండా.

కల్మన్ పోయాడని తెలిసినప్పటినుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నేను ఉప్పు డబ్బా కోసం వంటింట్లోకి లేవబోయాను.

"కూర్చో," అంది ముక్కు తుడుచుకుంటూ. "అదీ నాదే."

చెంచా గిన్నెలో పెట్టింది. "హిండా, మీ ఇంట్లో ఉప్పుందా? కొంచెం పెడతావా నాకు?"

"ఉంది" అంటూ లేచింది హిండా. మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ మెట్లు ఎప్పుడెక్కిందో ఎప్పుడు దిగిందో, ఉప్పు డబ్బా మొత్తం పట్టుకొచ్చింది.