రెండోసారి పిలవలేదు

బంగారరాజు పేరెత్తితే నాకు ముందు కోపం వస్తుంది. ఆయన మీద కాదు, నా మీద నాకే. ఏడుపు ఆ తర్వాత వస్తుంది. అందుకే ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

నా పేరు జగ్గారావు. రాజోలు బస్టాండుకు ఎదురుగా నాకో నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక స్కానరు, మాటిమాటికీ కాగితం మింగేసే ప్రింటరు ఒకటి. పరీక్షల ఫలితాలొచ్చే రోజున కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మిగతా రోజుల్లో ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి.

బంగారరాజుది అంతర్వేది. పడవలకు రంగులేసి, పేర్లు రాసి, ముక్కు మీద చేపో సింహమో గీయడం ఆయన పని. వేసవిలో వేట నిషేధం పెట్టినప్పుడు పడవలన్నీ ఒడ్డుకెక్కుతాయి కదా, ఆ నెలన్నరే ఆయనకు చేతినిండా పని. మిగతా ఏడాదంతా చిరిగిన వలలు బాగుచేసుకుంటూ బతికేవాడు. నలభై దాటాయి, పిల్లల్లేరు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కానీ రాత చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది.

రెండువేల ఆరులో, వానలు మొదలైన కొత్తలో, ఒక మధ్యాహ్నం నా గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. వాళ్ల రేవు దగ్గర టీకొట్టులో టీవీ ఉందట. బడి వదిలాక పిల్లలు అందులో జపాన్ కార్టూన్ పెట్టుకుంటారట. ఆ బొమ్మలు వేసినాయన ఎవరో కంప్యూటర్లో కనుక్కోవచ్చా అని అడిగాడు. నాకు నవ్వాగలేదు. ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకున్నాను. ఆయనేమీ అనుకోలేదు. చొక్కాలోంచి ఒక పాత క్యాలెండర్ కాగితం తీసి వెనక్కి తిప్పి బల్ల మీద పరిచాడు. ఆ కార్టూన్‌లో చూసిన సముద్రాన్ని గుర్తు పెట్టుకుని పెన్సిలుతో వేసి తెచ్చాడు. నా నవ్వు ఆగిపోయింది.

"సముద్రం చూసినోడే ఏసేడండి ఆ బొమ్మ," అన్నాడు. "అల ఇరిగే ముందు ఒక్క రవ్వ ఆగుద్దండి. చాలామందికి తెలీదు. ఆయన అది కూడా ఏసేడు."

అలాంటి బొమ్మల్ని యానిమే అంటారని నాకూ ఆ రోజే తెలిసింది. వెతగ్గా వెతగ్గా వేసినాయన దొరకలేదు కానీ, ఆర్కుట్‌లో ఒక గుంపు దొరికింది. జపాన్ బొమ్మలంటే పడి చచ్చే తెలుగు పిల్లలు ఓ డెబ్బై మంది. హైదరాబాదు, విశాఖపట్నం, బెజవాడ. అందరూ కాలేజీ వాళ్లే. నా పేరు మీదే ఖాతా తెరిచి, క్యాలెండర్ మీది సముద్రాన్ని స్కాన్ చేసి, అంతర్వేదిలో పడవలకు రంగులేసే బంగారరాజుగారు వేశారని కింద రాసి పెట్టాను.

మర్నాటికి నలభై రెండు మంది జవాబు రాశారు.

అప్పట్నుంచి ప్రతి గురువారం వచ్చేవాడు. ఒక్కొక్క జవాబూ నాచేత రెండేసి సార్లు చదివించుకునేవాడు. తర్వాత వేసిన ఆడపిల్ల బొమ్మలో గాలికి జుట్టు ఎగిరే తీరులో ఏదో తేడా ఉందని విశాఖపట్నం పిల్ల కీర్తి రాస్తే, దానికి ఓ గంట ఆలోచించి జవాబు చెప్పాడు. ఆయన చెప్పేవాడు, నేను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ణి. పందొమ్మిదేళ్ల పిల్లల్ని కూడా గారు అనే పిలిచేవాడు. వాళ్లు ఆయన్ని అంకుల్ అనేవారు. ఆ గుంపును నడిపే పవన్ హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతుండేవాడు. వారానికోసారి కొత్త బొమ్మ ఏదని పవన్ అడక్కపోతే ఈయనకు ముద్ద దిగేది కాదు.

ఊళ్లో మాత్రం ఆయనకు జపానోడని పేరు పెట్టేశారు. మరుసటి వేసవిలో ఎర్రయ్య పడవ ముక్కు మీద సింహాన్ని వేయమంటే, పెద్ద పెద్ద కళ్ల ఆడపిల్లను వేశాడు మరి. ఎర్రయ్య రేవంతా వినబడేలా తిట్టాడు. ఈయన భార్య వీరాయమ్మ అయితే, కళ్లు అంతున్నాయి, కాటుకెవడు కొంటాడని వేళాకోళం చేసేది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. కానీ ఆ అల ఎందుకు ఆగింది అని అడిగేవాడు మాత్రం ఆ ఊళ్లో ఒక్కడూ లేడు.

రెండువేల ఏడు నవంబరులో పవన్ దగ్గర్నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. డిసెంబరులో ఒక ఆదివారం నాడు గుంపులో వాళ్లంతా హైదరాబాదులో కలుస్తున్నారు. మొదటిసారి. వాళ్ల అపార్టుమెంట్లో హాలు తీసుకున్నారు. ఒక గోడ మొత్తం అంకుల్ బొమ్మలకే. మీరు తప్పకుండా రావాలి, మా ఇంట్లోనే ఉండొచ్చు, స్టేషనుకు నేనొస్తాను అని రాశాడు.

నాచేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. తర్వాత ఏమని రాయమన్నాడో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు.

"ఎందుకండీ మీకు శ్రమ అని రాయండి. నాలాంటోడు అంత దూరం వచ్చి ఏం చేత్తాడండి, పిలిచేరు, అదే చాలండి అనండి."

నేను అలాగే కొట్టేశాను. చెయ్యి ఆగను కూడా లేదు. ఎందుకంటే అది రానని చెప్పడం కాదు. మా వైపు మనిషెవడికైనా తెలుసు. భోజనానికి పిలిస్తే ఇప్పుడే తిన్నామండీ అంటాం. పిలిచినవాళ్లు ఊరుకోరు, చెయ్యి పట్టుకుంటారు. మళ్లీ వద్దంటాం. అప్పటికి గానీ పీట మీద కూర్చోం. ఒక్క పిలుపుకే వెళ్లి కూర్చున్నవాణ్ణి చూసి, పాపం ఎన్నాళ్లయిందో తిని అని నవ్వుకుంటారు. కాబట్టి ఆయన దృష్టిలో, నా దృష్టిలో కూడా, ఆ ఉత్తరంతో ప్రయాణం ఖాయమైపోయింది. ఇంకోసారి పిలవడమే తరువాయి.

పవన్ జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. మీ ఇష్టం అంకుల్, బలవంతం చేయం, బొమ్మలు మాత్రం పెట్టుకుంటాం అని. గురువారం చదివి వినిపించాను. మళ్లీ రాస్తార్లెండి, ఇంకా మూడు వారాలుంది కదా అన్నాడు. రాస్తారు బాబాయ్ అన్నాను నేనూ. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఈలోగా ఆయన ఇరవై నాలుగు బొమ్మలు వేశాడు. తడవకుండా ప్లాస్టిక్ పట్టాలో చుట్టాడు. తిట్టిన ఎర్రయ్యే తన పెట్టె ఎరువిచ్చాడు. వీరాయమ్మ ఆ పిల్లల కోసం డబ్బా నిండా కొబ్బరి లౌజు చేసింది. పంటు మీద గోదావరి దాటితే నరసాపురం, అక్కణ్ణుంచి రైలు. ఏ పెట్టెలో ఎక్కాలో, ఎక్కడ దిగాలో నాచేత కాగితం మీద రాయించుకున్నాడు.

ఒకరోజు అడిగాను, అంత దూరం వెళ్లి ఏం చేస్తావు బాబాయ్ అని. 

"ఏం సెయ్యనండి. కూకుంటానండి. నేనేసిన బొమ్మ గురించి నలుగురూ మాటాడుకుంటుంటే, ఆళ్ల మద్దెన ఒక్క పూట కూకోవాలనుందండి. అంతే."

చివరి వారం గురువారం దాకా ఆగలేక రోజూ బస్సెక్కి వచ్చేశాడు. గుమ్మంలోంచే నా మొహం చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు. శుక్రవారం నాడు నేనే తెగించి, వస్తున్నావని రాసేస్తాను బాబాయ్ అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. అడిగి పిలిపించుకుంటామా అండీ అన్నాడు. నిజమే, తలవంపులుగా ఉంటుందని నాకూ అనిపించింది. కీబోర్డు మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసేశాను. ఆ చేతిని ఇప్పటికీ తిట్టుకుంటాను. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క కొడితే సరిపోయేది.

ఆదివారం గడిచిపోయింది. మంగళవారం ఆయన వచ్చేసరికి గుంపులో ఫొటోలు పెట్టేశారు. గోడ మీద ఆయన వేసిన సముద్రాన్ని తలుపంత పెద్దది చేసి అంటించారు. దాని కింద తెలుగులో ఆయన పేరు. ముందు నలభై మంది పిల్లలు, కొందరు నేల మీద, కొందరు ఒకరి భుజాల మీద ఒకరు. ఇంకో ఫొటోలో కీర్తి ఆ అలను వేలితో చూపిస్తూ పక్కనున్న వాళ్లకు ఏదో చెబుతోంది. ఏం చెప్పిందో మాకు తెలీదు.

బంగారరాజు ఆ ఫొటో దగ్గర ఆగిపోయాడు. అందరూ వచ్చేరండి అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు భరించలేకుండా పోయింది. ఉన్నదున్నట్టు రాసి పడేస్తాను, నువ్వు పెట్టె సర్దుకుని కూర్చున్నావని తెలియాలి వాళ్లకి అని అరిచాను. సెంటర్లో ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"ఒద్దండి. ఇప్పుడు సెప్తే పిల్లలు బాధ పడతారండి," అన్నాడు.

బాగా జరిగిందండి, చాలా సంతోషం అని మాత్రం రాయించాడు. నేను పళ్లు కొరుక్కుంటూ కొట్టాను. ఆయనింకా కూర్చుని ఉండగానే పవన్ జవాబొచ్చింది. చదవబుద్ధి కాలేదు. చదవక తప్పలేదు. థాంక్స్ అంకుల్, మీకు ప్రయాణాలు ఇష్టం ఉండవని అర్థమైంది, ఇంకెప్పుడూ పిలిచి మిమ్మల్ని ఇబ్బంది పెట్టం.

మంచి పిల్లలండి అన్నాడు. చెప్పులు వేసుకుని బస్టాండు వైపు వెళ్లాడు. బస్సు వెళ్లిపోయాక చూస్తే ఇంకా అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

ఆ తర్వాత రావడం తగ్గించేశాడు. మరుసటి వేసవిలో పడవల మీద పేర్లు రాశాడు, అడిగినవాళ్లకు సింహాలు వేశాడు. పెద్ద కళ్ల పిల్లలు మళ్లీ కనబడలేదు. కొత్త బొమ్మ ఏదని పవన్ అడిగిన ప్రతిసారీ, చూపు ఆనడం లేదని రాయమనేవాడు. ఆయన చూపుకేమీ కాలేదు.

రెండువేల తొమ్మిది మేలో ఒక కుర్రాడు నా సెంటర్లోకి వచ్చి, జగ్గారావుగారంటే మీరేనా అని అడిగాడు. పవన్. చదువైపోయి, మామిడికుదురు దగ్గర గ్యాస్ పైపుల పని చేసే ఒక కంట్రాక్టరు దగ్గర చేరాడట. వచ్చిన మూడో రోజే సెలవు పెట్టి మా దగ్గరికి వచ్చాడు. అంకుల్‌ని చూడాలి అన్నాడు. నేను షట్టరు దించేసి అతణ్ణి బండి మీద అంతర్వేది తీసుకెళ్లాను.

బంగారరాజు ఒడ్డున పడవకు రంగు పూస్తున్నాడు. పవన్ పేరు చెప్పగానే కుంచె ఇసకలో పడేశాడు. అతని రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డాడు, ఆ చేతులకు కూడా రంగంటింది. అప్పటికి మిట్టమధ్యాహ్నం. ఇంటికి తీసుకెళ్లాడు.

వీరాయమ్మ ఆకులు వేసింది. పవన్ వద్దండీ, ఇప్పుడే టిఫిన్ తిన్నాం అన్నాడు. ఆవిడ విననట్టే చింతచిగురు ఎండురొయ్యల కూర తెచ్చిపెట్టింది. నిజంగా వద్దు ఆంటీ అన్నాడు. బంగారరాజు అతని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. పవన్ రెండు మారులు అన్నం పెట్టించుకుని తిన్నాడు. వద్దంటే అస్సలు వినరా మీరు అని నవ్వుతూ అడిగాడు వీరాయమ్మని.

"మొదటిసారి ఒద్దంటే ఒద్దని కాదు బాబూ," అంది ఆవిడ, కూర గిన్నె కింద పెడుతూ. "రెండోసారి పిలిత్తారని. పిలవలేదనుకో, మనం అక్కర్లేదన్నమాట."

ఆవిడ మామూలుగానే అంది. ఆవిడ మనసులో ఏమీ లేదు. కానీ పవన్ చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. ముందు బంగారరాజును చూశాడు. ఆయన తల దించుకుని అన్నం కలుపుకుంటున్నాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ రోజు రాసిన ఉత్తరం సంగతేమిటని ఆ చూపే అడిగింది. నేనిక దాచలేకపోయాను. పెట్టె సర్దుకుని మూడు వారాలు కూర్చున్నాడయ్యా అన్నాను. నీ రెండో ఉత్తరం కోసం రోజూ బస్సెక్కి వచ్చాడని కూడా చెప్పాను. పవన్ ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, ఎడమ చేత్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకు తెలీదంకుల్, నాకు నిజంగా తెలీదు అని అదే మాట అంటూ ఉన్నాడు. 

బంగారరాజు అతని వీపు మీద చెయ్యి వేశాడు. మీ తప్పు కాదండీ అన్నాడు. తర్వాత, నేను ఆయన్నెరిగిన ఇన్నేళ్లలో ఎన్నడూ అననంత గట్టిగా, నేరుగా అడిగాడు.

"మళ్లీ ఎప్పుడు పెడతారండి? ఈసారి నేనొత్తానండి. పిలవక్కర్లేదు, రోజు సెప్పండి సాలు."

పవన్ మొహం తుడుచుకున్నాడు. గుంపు ఇప్పుడు లేదని చెప్పాడు. పోయిన డిసెంబరులో పెడితే నలుగురే వచ్చారట. కీర్తి పెళ్లయి పుణె వెళ్లిపోయింది, మిగతావాళ్లకు ఉద్యోగాలు. అప్పట్నుంచి అందులో ఎవరూ ఒక్క మాట కూడా రాయలేదట. ఆ గోడ మీది బొమ్మ ఏమైందని బంగారరాజు అడిగాడు. హాలు ఖాళీ చేసేటప్పుడు వాచ్‌మన్ తీసేశాడంకుల్ అన్నాడు పవన్.

"ఆయ్," అన్నాడు బంగారరాజు.

తర్వాత వీరాయమ్మ వైపు తిరిగి, అబ్బాయికి పెరుగు వెయ్యమన్నాడు. పవన్ ఈసారి వద్దనలేదు.