చివరి ముక్క
ఆదోనిలో పత్తి కొట్టుపైనున్న చిన్న ఆఫీసులో ఇర్ఫానా పనిచేస్తుంది. తెరమీద చూపుడువేలు ఆనించి, పెదవులు కదుపుతూ ప్రతి వరుసా చదవనిదే పని అయిందనదు. ఆ ఉదయం ఒక ఆసుపత్రి సర్వర్ సూచనల పత్రం వచ్చింది. అందులో ప్రతి ఆదేశాల ముక్కకూ ముందూ వెనకా మూడేసి గుర్తులుంటాయి. వాటి మధ్యనున్నదాన్ని ఆమె పార్సింగ్ లైబ్రరీతో, అంటే పత్రంలోంచి ముక్కలు ఏరిపెట్టే ప్రోగ్రాముతో ఏరితే, పక్క కుర్చీలోని తోటి ఉద్యోగి అశోక్ వాటిని నెట్ ద్వారా ఆసుపత్రి సర్వర్‌లో ఒక్కొక్కటిగా నడపాలి.

“ఓపీ తెరిసే టైమైతాంది, ఇంకా ఏం సూస్తాండావు?” అన్నాడు అశోక్.

“ఆగన్నా, చివరి ముక్క శానా పొడుగొచ్చింది.”

“లైబ్రరీ తప్పు సేస్తాదా?” అంటూ అతనే ఫైలు తీసుకుని మొదలుపెట్టేశాడు.

ఇర్ఫానా వేలు ఒకచోట ఆగిపోయింది. పత్రం రాసినవాళ్లు చివరి ముక్కకు ముగింపు గుర్తులు పెట్టడం మరిచారు. అందువల్ల కింది మామూలు మాటలు కూడా ఆదేశాల్లో కలిసిపోయాయి. ‘దీన్ని ఎప్పుడూ నడపవద్దు’ అన్న హెచ్చరిక, దాని వెంటే ఉదాహరణగా రోగుల రికార్డులన్నీ తుడిచేసే ఆదేశం ఉన్నాయి.

“అన్నా, ఆపు!”

అతను తేరుకునేలోపే ఆమె పరుగున వచ్చి నెట్ వైరు పీకేసింది. ఇద్దరూ తెర చూశారు. తుడిచే ఆదేశానికి రెండు వరుసల ముందే పని ఆగిపోయింది.

అశోక్ ఫోన్ తీసి, ఓపీ ఆలస్యమవుతుందని ఆసుపత్రికి చెప్పాడు. తర్వాత తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

“కూసోమ్మా. మొదటి నుంచీ నిదానంగా సూడు.”