మాస్టారి ఇంగ్లీషు ఆవు

పురుషోత్తం మాస్టారు ఆవుతో ఇంగ్లీషులో తప్ప మాట్లాడరు. దేవుడితో సంస్కృతం, పెళ్లాంతో తెలుగు, ఆవుతో ఇంగ్లీషు. ఈ పంపకంలో పెద్ద వాటా ఆవుకే దక్కిందని ఆయన భార్య సుందరమ్మగారి ఫిర్యాదు.

ఓడలరేవు పోయే రోడ్డు మీద ఉన్న ఆ ఊళ్లో ఒకప్పుడు పాలంటే కాఫీకి సరిపడా, మిగిలితే పెరుగుకి. ఇంతలో దేశమంతా పాడి పెంచాలని పైవాళ్లకి బుద్ధి పుట్టింది. లోన్లు వచ్చాయి, జెర్సీలు వచ్చాయి, ఇంజక్షన్లు, ఇన్సూరెన్సు, చెవికి పసుపు బిళ్లలు వచ్చాయి. వేదం చెప్పే ఇంట్లోనూ ఆవే, వల వేసే ఇంట్లోనూ ఆవే, టైలరు కొట్టు వెనకా ఆవే. అందరి పెరళ్లలోనూ ఒకటే పేడ వాసన. ఆ ఊరికి ఇంతటి సమానత్వం ఏ నాయకుడూ తేలేకపోయాడు. చెంబుల్లో కొలిచిన పాలు క్యాన్లలోకి ఎక్కాయి.

పాలు పెంచమన్నవాళ్లు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. అమలాపురం నుంచి వ్యాను వచ్చేసరికి సాయంత్రం పాలు విరిగిపోయేవి. విరిగినవి వ్యానువాడు ముట్టుకోడు. ఊరంతా ఆ విరుగుడులో బెల్లం కలుపుకుని తినీ తినీ మొహం మొత్తి, చివరికి ఆవుల్ని అమ్మేద్దామనే దాకా వచ్చింది. పాలకేంద్రానికి పాలు చల్లగా నిలవుంచే పెద్ద కూలర్ ఒకటి వస్తే తప్ప ఈ గొడవ తీరదు.

కిందటేడు ఢిల్లీ నుంచి ఒక ఆఫీసరుగారు పాడి ఎలా పెరిగిందో చూసి పోదామని వచ్చారు. ఆయనకి తెలుగు రాదు. ఆడవాళ్ల పాలసంఘం ప్రెసిడెంటు మహాలక్ష్మమ్మ లేచి నిలబడింది. ఆవిడది పడవలు నడిపే కుటుంబం, ఈ ఒడ్డున పిలిస్తే ఆ ఒడ్డున పలకాల్సిందే. పాలు విరగడం, బెల్లం కలపడం, కూలర్ లేకపోవడం, అన్నీ ఏకరువు పెట్టి, చెమట తుడుచుకుని కూర్చుంది. సంఘం సెక్రటరీ రామ్‌ప్రసాద్ ఆఫీసరుగారి వైపు వంగి అంతా ఇంగ్లీషులో చెప్పాడు.

“షి ఈజ్ వెరీ హ్యాపీ సర్. థాంక్యూ సర్.”

“ఏం బాబూ, నేనంతసేపు మొత్తుకుంటే రెండు ముక్కలేనా?” అంది మహాలక్ష్మమ్మ.

“ఆయ్, ఇంగ్లీషు అంతేనండీ. పొట్టి భాష.”

తర్వాత మాస్టారు నిలదీస్తే రామ్‌ప్రసాద్ నొచ్చుకున్నాడు. “అంత దూరం నుంచి వచ్చేరండీ పాపం. బొబ్బట్లు పెట్టి సంతోషంగా పంపాలి గానీ, కష్టాలు చెప్పుకుంటే ఏం బాగుంటుందండీ?” సంతోషంగా వెళ్లిన ఆఫీసరుగారు, ఏడ్చి చూపించిన పక్క ఊరికి కూలర్ ఇచ్చారు.

సరిగ్గా ఆ వారంలోనే మాస్టారికి ఈ ఇంగ్లీషు జబ్బు పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే పెరట్లోంచి కేక వినబడి సుందరమ్మగారు పరిగెత్తారు.

“గుడ్ మార్నింగ్ రోజీ! హౌ ఆర్ యూ?”

రోజీ పేడ వేసింది.

“చూసేవటే, ఎలా స్పందించిందో!”

“ఇన్నాళ్లూ దాన్ని గౌరీ అని కదండీ పిలిచేం?”

“జెర్సీని పట్టుకుని గౌరీ అంటే దానికేం తెలుస్తుందే? ముప్ఫై ఏళ్లు బళ్లో పిల్లలకి ఇంగ్లీషు చెప్పేను. ఒక్కడికీ అబ్బలేదు. ఇది నయం, చెవులైనా ఊపుతోంది.”

ఆ రోజు నుంచి పాలు పితికినంతసేపూ పాఠమే. “స్టాండ్ స్టిల్! డోంట్ కిక్! డోంట్ షేక్ యువర్ టెయిల్! డోంట్ హైడ్, గివ్ ఫుల్! గుడ్ గర్ల్!” ఒక్కో ముక్కా మూడేసిసార్లు, వీధి చివరికి వినబడేలా. పైగా ఆవు ఒక పక్కనుంటే, ఈయన మొహం మహాలక్ష్మమ్మ వాళ్ల పెరటి దడి వైపు ఉంటుంది. తోక మొహానికి తగులుతుందని భయం కాబోలు అనుకున్నారు సుందరమ్మగారు.

ఊరు ఊరికే ఉంటుందా? తౌడు కొట్టు శ్యామ్ బాబు రోజూ సైకిలాపి మరీ అడిగేవాడు. “మాస్టారండీ, మీ ఆవు టెన్త్ ఎప్పుడు రాస్తుందండీ?”

“నువ్వు పాసైన మర్నాడేరా,” అనేవారు మాస్టారు. శ్యామ్ బాబు ఆయన శిష్యుడే మరి.

పేరంటానికి వెళితే సుందరమ్మగారికి తాంబూలంతో పాటు పరామర్శలూ ఇచ్చేవారు. “మాస్టారికి ఎలా ఉందండీ? ఐనవిల్లి వినాయకుడికి మొక్కుకోండి.” ఆవిడ మొక్కుకున్నారు కూడా. ఫలితంగా జబ్బు ముదిరింది. పాఠంలోకి కొత్త వాక్యాలు దిగాయి.

“సర్, అవర్ మిల్క్ ఈజ్ గెటింగ్ స్పాయిల్డ్! వ్యాన్ ఈజ్ కమింగ్ లేట్! వుయ్ వాంట్ కూలర్!”

“ఏవండీ, అది ఆడది. సర్ ఏవిటండీ? దానికి కూలర్ ఎందుకు?”

“ఎండలు చూడు ఎలా ఉన్నాయో,” అన్నారు మాస్టారు దడి వైపు చూస్తూ.

ఈ ఏడు ఆఫీసరుగారు మళ్లీ వచ్చారు. పాలకేంద్రం ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో నాయకులు నిలువెత్తున, ఆవు ఒక మూల తపాలాబిళ్లంత. రామ్‌ప్రసాద్ బొబ్బట్ల పళ్లెంతో సిద్ధంగా ఉన్నాడు. మహాలక్ష్మమ్మ లేచింది. రామ్‌ప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

“సర్!” అంది మహాలక్ష్మమ్మ. “అవర్ మిల్క్ ఈజ్ గెటింగ్ స్పాయిల్డ్! వ్యాన్ ఈజ్ కమింగ్ లేట్! వుయ్ వాంట్ కూలర్!”

రామ్‌ప్రసాద్ చేతిలో పళ్లెం ఒరిగింది. సుందరమ్మగారు గిరుక్కున మొగుడి వైపు తిరిగారు. మాస్టారు పైకప్పు చూస్తున్నారు. పెదాలు మాత్రం మహాలక్ష్మమ్మ కంటే ఒక మాట ముందు కదులుతున్నాయి.

“షి ఈజ్ వెరీ హ్యాపీ సర్!” అని రామ్‌ప్రసాద్ అడ్డం పడ్డాడు. ఇదేదో గొడవలా ఉందని ఆఫీసరుగారు వాచీ చూసుకుని లేవబోయారు. మహాలక్ష్మమ్మ కంగారుపడింది. పాఠం ఎక్కడ ఆగుతుందో, ఆవు ఎక్కడ మొదలవుతుందో ఆవిడకెవరు చెప్పారు గనక?

“స్టాండ్ స్టిల్!” అని గర్జించింది.

ఆఫీసరుగారు నిలబడిపోయారు.

“డోంట్ కిక్! డోంట్ షేక్ యువర్ టెయిల్! డోంట్ హైడ్, గివ్ ఫుల్!” అని, ఆయన కదలకుండా ఉన్నందుకు మెచ్చుకోలుగా, “గుడ్ గర్ల్!” అంది.

మాస్టారు కండువా నోట్లో కుక్కుకున్నారు. ఆఫీసరుగారు మొదట ఎర్రబడి, తర్వాత కుర్చీలో కూలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. తన సర్వీసులో ఇంత సూటిగా ఎవరూ అడగలేదని ఇంగ్లీషులో అన్నారు. రామ్‌ప్రసాద్‌ని దగ్గరికి పిలిచి, “పోయినసారి కూడా ఈవిడ హ్యాపీయేనా?” అని ఇంగ్లీషులోనే అడిగారు. “సారీ సర్,” అన్నాడు రామ్‌ప్రసాద్ ఆ పొట్టి భాషలోనే. నెల తిరక్కుండా ఊరికి కూలర్ వచ్చింది.

సభ జరిగిన రోజు ఇంటికి రాగానే సుందరమ్మగారు నిలదీశారు. “ఆవిడకి నేర్పాలనుకుంటే అరుగు మీద కూర్చోబెట్టి నేర్పచ్చు కదండీ? ఊరంతా మిమ్మల్ని పిచ్చివాడన్నారు!”

“అడిగేనే. ‘ఈ వయసులో పలక పట్టుకుని మీ అరుగెక్కితే ఊరు నవ్వదాండీ?’ అంది. ఎవర్నో ఒకర్ని చూసి నవ్వకపోతే ఈ ఊరికి పొద్దుపోదు. నన్ను చూసే నవ్వనీ అనుకున్నాను.”

సుందరమ్మగారికి మొగుడి మీద ఎన్నడూ లేనంత ముద్దొచ్చింది. పైకి మాత్రం, “సరే, ఇంక చాలు. రేపట్నించి దాంతో తెలుగులో ఏడవండి,” అన్నారు.

మర్నాడు మాస్టారికి జలుబు చేసింది. సుందరమ్మగారే చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. “మా తల్లే, మా బంగారు గౌరీ,” అంటూ పొదుగు కడిగారు. రోజీ చెంబుని తన్నింది. మళ్లీ బతిమాలారు. మళ్లీ తన్నింది. ఒక్క బొట్టు పాలు చేపలేదు.

సుందరమ్మగారు వీధి వైపు చూశారు. ఎవరూ లేరు. ఆవు చెవి దగ్గరికి వంగి, దొంగలా గొణిగారు.

“రోజీ... డోంట్ కిక్.”

దడి అవతల నుంచి మహాలక్ష్మమ్మ గొంతు ఖంగుమంది.

“గట్టిగా అనాలండీ సుందరమ్మగారూ! ఒక్కోటీ మూడేసిసార్లు!”