నేను చదవకుండా దాటేసిన రెండు వాక్యాలు

టీవీలో ఈ మధ్య ఒక సీరియల్ వస్తోంది. బుద్ధిమంతుడైన ఒక గుమాస్తా మెల్లగా నేరస్థుడైపోతాడు. ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి ఛానెల్ మార్చమనేవాళ్లు లేరు. రోజూ చూస్తాను, చూస్తూ తిడతాను. ఆ గుమాస్తాకి ఎన్ని కారణాలో! కూతురికి గుండెజబ్బు, పై అధికారి దుర్మార్గుడు, తమ్ముడు మోసగాడు. తీరా తప్పు చెయ్యబోయే ముందు ఉరుములు, మెరుపులు, వెనకాల వయొలిన్లు. నాకు ఒళ్లు మండిపోతుంది. నేను నేరం చేసినప్పుడు ఏ వయొలినూ మోగలేదు. మధ్యాహ్నం మూడింటివేళ, బయట ఒక మేక అరుస్తోంది, అంతే. కారణం కూడా చెప్పుకోదగ్గది కాదు.

యాభైల చివర్లో మాట. గుడివాడ నుంచి వెళ్లి, నాగాయలంక దాటి సముద్రం వైపున్న ఒక పల్లెలో టీచరుగా చేరాను. ఒకే గది బడి, ఒకే టీచరు. పోస్టాఫీసు కూడా నేనే. అంటే బడిలో ఒక మూల చెక్కపెట్టె, తేదీ ముద్ర, సిరా మెత్త. సోమవారం, శుక్రవారం ఒక పెద్దాయన టపా సంచీ మోసుకుని నడిచి వచ్చేవాడు. సంచీ విప్పి, ముద్ర కొట్టి, ఎవరి ఉత్తరం వాళ్లకి చదివి వినిపించడం నా పని. అందరూ చేపలు పట్టుకు బతికేవాళ్లు, చదువొచ్చినవాళ్లు లేరు.

ఊరివాళ్లు చెడ్డవాళ్లు కాదు. నాకు ఇరవై రెండేళ్లే అయినా ముసలివాళ్లు కూడా కండువా దించి "మాస్టారండీ" అని పక్కకి తప్పుకునేవారు. ఆ తప్పుకోవడమే నన్ను చంపేసింది. బడి వదిలాక మర్నాడు బడి పెట్టేదాకా నాతో ఒక మాట మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. అన్నం వండుకుని, తిని, గిన్నె కడిగి, ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. గౌరవం కడుపు నింపుతుందేమో గానీ సాయంత్రాల్ని నింపదు.

నన్ను చూసి తప్పుకోనిది ఒక్కావిడే. నాకన్నా పదిహేనేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. గంప నెత్తిన పెట్టుకుని మెరక ఊళ్లకి చేపలమ్మేది. పిల్లల్లేరు. భర్త తన అన్నదమ్ములతో వల విషయంలో మాటామాటా పెరిగి, ఈ ఊరి మట్టి మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకుని, విశాఖపట్నం రేవులో కళాసీ పనికి వెళ్లిపోయాడు. నెలకో కార్డు ఎవరిచేతో రాయించి పంపేవాడు. ఆవిడ బడి మెట్ల మీద కూర్చుంటే నేను చదివేవాణ్ణి. మూడు ముక్కల కార్డుకి గంటసేపు ఉండేది.

"ఉద్యోగం చేస్తున్నారు గానీ మాస్టారండీ, పులుసు పెట్టడం రాదు మీకు. చింతపండు అంత పోస్తారా ఎవరన్నా?" అనేది నా గిన్నె మూత తీసి. చొక్కా చిరిగితే తిట్టేది. నాకు పెళ్లి చెయ్యని మా అమ్మని కూడా, ఎప్పుడూ చూడకపోయినా, తిట్టేది. నేను ఆ తిట్ల కోసం నెలంతా ఎదురు చూసేవాణ్ణి. ఆవిడ మీద నాకు వేరే ఉద్దేశమేమీ లేదు. నన్ను మనిషిలా చూసింది, అదే పదివేలు.

ఒక సోమవారం సంచీలో ఆవిడ పేరున కార్డొచ్చింది. నాలుగు మూలలా పసుపు. మా వైపు శుభవార్త రాసిన ఉత్తరానికి అలా పసుపు రాస్తారు. ఆ ఊళ్లో అయితే అది అందుకున్న ఇంటివాళ్లు, మోసుకొచ్చిన మనిషికి బెల్లం ముక్క పెట్టి నోరు తీపి చెయ్యాలి. ఆవిడ గంపతో వెళ్లింది, ఊళ్లో లేదు. నేను కార్డు చదివాను.

"నాకు క్వార్టర్సు ఇచ్చారు. ఇద్దరం ఉండొచ్చు. నాకు ఒక్కరోజే సెలవు. గురువారం గుడివాడ స్టేషన్లో ఉంటాను. బందరు బండికి రా, అక్కణ్ణుంచి కలిసి వెళ్లిపోదాం. ఈ బండికి రాకపోతే నీకు రావడం ఇష్టం లేదనుకుంటాను. ఇంక ఉత్తరం రాయను."

నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నాకు ఒకటే కనబడింది, ఖాళీ మెట్లు. కార్డు హాజరు పట్టీలో పెట్టి పట్టీ మూశాను. అప్పుడే ఆ మేక అరిచింది. రేపిద్దాంలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మంగళవారం ఆవిడ మెట్ల దగ్గరికొచ్చి, కార్డేమన్నా వచ్చిందా అని అడగను కూడా అడగలేదు, నాకోసం తెచ్చిన కట్టిచేపలు ఎలా కడగాలో చెప్పి వెళ్లింది. బుధవారం ఉదయమన్నా ఇస్తే బస్సూ బండీ అందుకునేది. ఆ ఉదయం ఎక్కాలు గట్టిగా చెప్పించాను. గురువారం సాయంత్రానికి బందరు బండి గుడివాడ వచ్చి వెళ్లిపోయుంటుంది. నాకు భయం వెయ్యలేదు, సిగ్గుతో చెబుతున్నాను, హాయిగా అనిపించింది.

శుక్రవారం పట్టుబడ్డాను. టపా పెద్దాయన సంచీ దించి, గుమిగూడిన వాళ్లందరినీ కలియజూసి అలిగినట్టు అన్నాడు:

"సోమవారం పసుపు కార్డు మోసుకొచ్చానయ్యా. ఈ ఊళ్లో నా నోట్లో బెల్లం ముక్క పెట్టినవాడే లేడు. అంత పిసినారి కొంప ఎవరిది?"

ఆయనకీ చదువు రాదు, కానీ పసుపు తెలియడానికి చదువు దేనికి? జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మాకు రాలేదంటే మాకు రాలేదన్నారు. ఆ గుంపులో ఆవిడ కూడా ఉంది.

"అది వేరే ఊరి కార్డు. తిప్పి పంపేశాను" అన్నాను.

"తిరుగు సంచీ మోసేది కూడా నేనేగా మాస్టారండీ. అందులో పసుపు కార్డు లేదే" అన్నాడు పెద్దాయన అమాయకంగా.

నేనూ ఆ ఊరివాణ్ణే అయితే బెల్లం సంగతి గుర్తుండేది. ఒక ముక్క ఆయన చేతిలో పెట్టి ఏదో ఒకటి చెప్పుంటే ఎప్పటికీ బయటపడేది కాదు. లోపలికెళ్లి పట్టీ తెచ్చి విప్పి, "ఇందులో ఇరుక్కుపోయింది, చూసుకోలేదు. తిప్పి పంపేశాననుకున్నాను" అన్నాను. అందరూ నమ్మారు. మాస్టారు అబద్ధమాడతాడని వాళ్లకి తోచదు. పాపం, పొరపాటు అన్నారు. కార్డు చదివాను. గుడివాడ, గురువారం దాకా చదివాను. చివరి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయి కార్డు ఆవిడకిచ్చేశాను. అందరి ముందూ అవి చదివితే ఆవిడ కూలిపోతుందని ఆగానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. అవి చదివితే నేను చేసింది ఎంత పెద్దదో అందరికీ తెలుస్తుంది, అందుకు.

"ఏ గురువారమండీ?" అంది ఆవిడ.

"నిన్న."

ఆవిడ ఏడవలేదు. ఇంటికెళ్లి బెల్లం ముక్క తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టింది. ఆ తరవాత మూట కట్టుకుంది.

నేనూ వెంట వెళ్లాను. అవనిగడ్డలో బస్సెక్కి, బందరులో బండెక్కి, శనివారం గుడివాడలో దిగాం. ఆవిడ ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ప్రతి బెంచీ చూసింది. టీ అమ్మే అతన్ని అడిగితే గుర్తుపట్టాడు. గురువారం రేకుపెట్టెతో ఒకాయన పొద్దుట్నుంచీ కూర్చున్నాడనీ, బందరు బండి వస్తుంటే రెండు టీలు చెప్పి, ఒకటి చేత్తో పట్టుకుని బండంతా వెతికి వచ్చాడనీ, అది తాగకుండా పారబోశాడనీ చెప్పాడు.

"ఆయన అలకలు నాకు తెలుసండీ. నాలుగురోజులు ముడుచుకుని మళ్లీ రాస్తాడు. మళ్లీ పిలవందే పోవడం బాగుండదు" అంది ఆవిడ.

అక్కడ చెప్పాలి. విశాఖ వైపు బండి ఇంకో గంటలో ఉంది. అక్కా, ఇంక రాయనన్నాడు, ఇప్పుడే వెళ్లు అని ఒక్క మాట చెప్పాలి.

"అవును, రాస్తాడు" అన్నాను. ఇద్దరం ఊరికి తిరిగొచ్చేశాం.

ఆవిడ చెప్పగా ఉత్తరం రాశాను. క్వార్టర్సు చిరునామా కార్డులో లేదు, పాత చిరునామాకి పంపితే మనిషి లేడని తిరిగొచ్చింది. అయినా ఆవిడ నమ్మకం చెదరలేదు. మన ఊరు ఆయనకి తెలుసుగా, ఆయనే రాస్తాడు అనేది. ప్రతి సోమవారం, ప్రతి శుక్రవారం వచ్చి నిలబడేది. కూర్చోవడం మానేసింది. నా గిన్నె మూత తియ్యడమూ మానేసింది.

వేసవి సెలవులయ్యాక ఒక రోజు పలకతో వచ్చింది.

"నా ఉత్తరం నేను చదువుకోవాలండీ. నేర్పండి."

నన్ను అనుమానించిందో లేదో ఎప్పుడూ అనలేదు. పిల్లల వెనక గోడ పక్కన కూర్చునేది. రెండు రోజులు పిల్లలు నవ్వి ఊరుకున్నారు. నేను అక్షరాలు దిద్దించాను. నా జీవితంలో ఎంతోమందికి చదువు చెప్పాను గానీ అంత శ్రద్ధ ఉన్న విద్యార్థినీ, అంత భయపడిన మాస్టారినీ ఎక్కడా చూడలేదు. నేర్పిన ప్రతి అక్షరమూ ఆవిణ్ణి ఆ కార్డు చివరికి తీసుకెళుతోందని నాకు తెలుసు. పాఠం నెమ్మది చేశాను. ఇంకా రాలేదు, ఇంకోసారి దిద్దు అనేవాణ్ణి. ఒకరోజు ఆవిడ కార్డు పలక కింద మరిచిపోయి వెళ్లింది. చింపితే పోయేది. చింపలేదు. అదేదో ఘనకార్యమన్నట్టు ఇన్నేళ్లూ మురిసిపోయాను, అప్పుడే పరిగెత్తుకెళ్లి అంతా చెప్పెయ్యొచ్చునన్న సంగతి మాత్రం కన్వీనియంటుగా మరిచిపోయి.

ఏడాది నిండుతుండగా, మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి వెళ్లినప్పుడు, ఆవిడ నా బల్ల ముందు నిలబడి కార్డు తీసింది. అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. క్వార్టర్సు దగ్గర తడబడింది. గుడివాడ, గురువారం గబగబా చదివేసింది. తరవాత వేలు ఆగింది. కొత్త అక్షరాల్లా వాటిని కూడబలుక్కుంది. రెండోసారి తడబడకుండా చదివింది.

"ఇంక. ఉత్తరం. రాయను."

బయట పిల్లలెవరో అరుచుకుంటున్నారు.

"ఇది ఆ రోజు చదివారా మాస్టారండీ?"

"లేదు."

"కార్డు పట్టీలో ఇరుక్కుందన్నారు. అది?"

"నేనే దాచాను. నువ్వెళ్లిపోతే నాతో మాట్లాడేవాళ్లుండరని దాచాను."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. జాలిగా చూసింది. అది ఇప్పటికీ భరించలేను.

"దాచారు, సరేనండి. మనిషన్నాక బుద్ధి గడ్డి తింటుంది. గుడివాడలోనన్నా ఈ ముక్క చదివుంటే ఆ బండికే ఎక్కి వెళ్లి ఆయన కాళ్లకి అడ్డంపడేదాన్ని. రాయనని చెప్పినవాడి ఉత్తరం కోసం నన్ను ఏడాది నిలబెట్టారు."

మర్నాడు ఆవిడ ఇంటికి తాళం ఉంది. ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిందన్నారు. అక్కడ అతను దొరికాడో, ఏడాదిలో మరో ఊరు మారిపోయాడో, మరో మనిషిని తెచ్చుకున్నాడో నాకు తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఇంకో నాలుగేళ్లు అక్కడే ఉన్నాను. సంచీ వచ్చిన ప్రతిసారీ నా పేరున ఏమన్నా ఉందేమోనని ముందు అదే వెతికేవాణ్ణి. తిట్టినా సరే, రెండు ముక్కలు చాలనుకునేవాణ్ణి. ఆవిడకి చదవడంతో పాటు రాయడమూ నేనే నేర్పాను. చక్కటి గుండ్రటి చేతిరాత. ఒక్కసారి కూడా రాయలేదు.