లక్ష్ముడు బల్ల ఎంచుకున్న సంగతి

లక్ష్ముడికి ఎవరి మీదా ఒక పట్టాన నమ్మకం కుదరదు. చేపల వేలం దగ్గర కాటా ముల్లు నిలిచాక కూడా ఇంకోసారి కదిపి చూస్తాడు. ఐసు పెట్టెలో చెయ్యి పెట్టి అడుగుదాకా దేవితే గాని మూత వెయ్యనివ్వడు. పెళ్ళిచూపులనాడు తను కాఫీ అందిస్తే, "ముందు మీయమ్మని తాగమను" అన్నాడని భార్య నూకరత్నం ఇప్పటికీ పదిమందిలో చెప్పి నవ్విస్తుంది. అదంతా అబద్ధమని లక్ష్ముడు అంటాడు. కానీ ఉప్పలపేటలో ఆ మాట నమ్మేవాళ్ళెవరూ లేరు.

ఉప్పలపేట కళింగపట్నానికి దక్షిణంగా, ఇసక మేటల వెనక ఒదిగిన చిన్న పాలెం. లక్ష్ముడు అక్కడే పుట్టి అక్కడే వేటకి పోతున్నాడు. చిన్నప్పుడు విరిగిన తెప్ప దుంగొకటి దొరికితే, దాని మీద బోర్లా పడుకుని కెరటాల మీద ఒడ్డుకి జారేవాడు. మీసాలు వచ్చేసరికి దుంగ మీద నిలబడడం వచ్చేసింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ పిచ్చి మాత్రం పోలేదు. వేటనించి వచ్చి, వల దులిపి, చేపని నూకరత్నం గంపలోకి ఎత్తి, ఇంత గంజన్నం తిని మళ్ళీ నీళ్ళలోకి దిగేవాడు.

"తెల్లారగట్లనించి సముద్రంలోనే ఉన్నావు. ఇంకా సాల్లేదేటి నీకు?" అని ఆమె కసిరేది.

విజయనగరం మనిషి యుగంధర్ వచ్చి సరుగుడు తోట పక్కన షెడ్డు వేసి, కెరటాల మీద సవారీ నేర్పే క్లబ్బు పెట్టినప్పుడు ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. లక్ష్ముడు వెళ్ళలేదు. ఒడ్డున జాగా కొట్టెయ్యడానికి వేసిన ఎత్తని అతని అనుమానం. షెడ్డు దగ్గర కొత్త గుంజ ఒకటి పాతితే, సరిహద్దు రాయేమోనని వెళ్ళి చూసొచ్చాడు. అది తడిబట్టలు ఆరేసే తాడు కోసమని తేలింది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళి, గుంజ జరిగిందేమో చూసుకున్నాడు.

చివరికి యుగంధరే వాళ్ళింటి గుమ్మంలోకి వచ్చి, నేర్చుకునేవాళ్ళకి తోడుగా నీళ్ళలో ఉండమని అడిగాడు. లక్ష్ముడు ఒప్పుకున్నాడు. "లోపల్నుంటేనే ఆడి సంగతేటో తెలుస్తాది" అని భార్యకి చెప్పాడు. అలా ఆదివారాలు శ్రీకాకుళం నించీ విజయనగరం నించీ వచ్చేవాళ్ళని పట్టుకుని కెరటం మీదికి తొయ్యడం అతని పనయింది. క్లబ్బు వాళ్ళు పాత నీలం సర్ఫింగ్ బోర్డు ఒకటి ఇచ్చారు. ఊళ్ళో అందరూ దాన్ని బల్ల అనేవారు. ఏళ్ళు గడిచినా జాగా సంగతి మాత్రం ఏమీ బయటపడలేదు. అంత ఓపిగ్గా దాచాడంటే యుగంధర్ గట్టివాడే అనుకున్నాడు లక్ష్ముడు.

మొన్న కార్తీకంలో వాయుగుండం పట్టి సముద్రం పొంగినప్పుడు ఆ నీలం బల్ల నడిమికి విరిగిపోయింది.

"విశాఖలో పాల్ అని బోర్డులు చేసే కుర్రాడున్నాడన్నా. ఆదివారం కొన్ని పట్టుకొస్తాడు. నీకు నచ్చింది తీసుకో, క్లబ్బు ఖాతాలోనే" అన్నాడు యుగంధర్.

నచ్చింది తీసుకోమన్నాడు. ఊరికే! లక్ష్ముడికి ఆ వారమంతా నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఆదివారం పాల్ వ్యాను మీంచి బల్లలు దింపి ఇసక మీద పరిచాడు. లక్ష్ముడి కన్ను ముందే ఒకదాని మీద పడింది. తెల్లగా, పొట్టిగా, ముక్కు సూదిలా ఉంది. ఫోన్లలో కనబడే పోటీ కుర్రాళ్ళు ఎక్కేది అలాంటిదే. పాల్ మాత్రం పొడుగ్గా, వెడల్పుగా ఉన్న పసుపుపచ్చదాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ముందు నీ తీరు చెప్పన్నా. కెరటం పట్టగానే ఏటవాలుగా దూరం పోతావా, పైకీ కిందకీ కోసుకుంటూ తిరుగుతావా? బరువు ఏ కాలి మీద వేస్తావు? పెద్ద కెరటాలు కావాలా, మెత్తగా వచ్చేవా?"

పెళ్ళికొడుకుని అడిగినట్టు ఇన్ని ప్రశ్నలెందుకు? లక్ష్ముడు ఆ పసుపు బల్లకేసి చూశాడు. దాని మీద దుమ్ముంది. ఎవరూ కొననిది ఊళ్ళో మనిషికి అంటగట్టడానికి తెచ్చినట్టున్నాడు. సరే, నువ్వు ఆ దారినొస్తే నేను ఈ దారినొస్తాననుకున్నాడు.

"నానా? కోసుకుంటానే పోతాను. గిర్రున తిరగడమే నా పని. బరువంతా ఎనక్కాలి మీదే. కెరటం ఎంత పెద్దదైతే అంత మంచిది."

పాల్ కనుబొమలు ఎత్తాడు. యుగంధర్ కేసి ఒకసారి చూసి, "అయితే నీకు ఆ తెల్లదే సరిపోతుంది, తీసుకో" అన్నాడు.

అంతే. బేరం లేదు, వాదన లేదు. అనుకున్నది చేతికొచ్చేసరికి లక్ష్ముడి గుండెలో కొత్త గుబులు పుట్టింది. ఇంత తేలిగ్గా ఇచ్చేశాడంటే ఇందులో ఏదో ఉంది. బల్లని తిరగేసి వేలి కణుపుతో తట్టి చూశాడు. ఎండకి ఎత్తిపట్టి అతుకు కనబడుతుందేమో చూశాడు. తోక దగ్గర వాసన కూడా చూశాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం ఇంకా ముదిరింది.

ఆ బల్లతో అతను పడిన పాట్లు ఊరంతా చూసింది. పడుకుని చేతులతో తెడ్డు వేస్తే పొట్ట కింద అది మునిగిపోయేది. కెరటం వచ్చేది, అతన్ని అక్కడే వదిలేసి పోయేది. ఎలాగో పట్టుకుని లేచి నిలబడితే, ముక్కు నీళ్ళలోకి దూరి అతను బొక్కబోర్లా పడేవాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పక్కనించి సాఫీగా జారిపోతుంటే, నేర్పేవాడు నోట్లోంచి ఇసక ఉమ్ముకునేవాడు.

"తోక కింద రెక్కలు వంకరగా పెట్టినాడు. ఎడంపక్కకి లాగతన్నాది" అని ఇంటి దగ్గర వల దారం పట్టి కొలిచాడు. వంకర లేదు. అయితే లోపలేదో ఉండాలి. లేదా ఇదంతా యుగంధర్ పనే అయ్యుండాలి. పదిమందిలో పరువు తీసేస్తే తనంతట తానే పని మానుకుంటాడని ఎత్తు వేసి ఉంటాడు.

అలా అనుకుంటున్న రోజుల్లోనే, ఒక మధ్యాన్నం నీళ్ళలోంచి లేచి చూస్తే, ఒడ్డున లాగిపెట్టిన పడవ చాటునించి యుగంధర్ ఫోన్ తనకేసి పట్టి ఉన్నాడు. లక్ష్ముడు బల్ల అక్కడే వదిలేసి, నీళ్ళు కారుతూ వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి తీస్తన్నావు? దొంగసాటుగా ఏటి తీస్తన్నావు?"

"నిన్నేనన్నా. చెబితే తీయనివ్వవని చాటునించి తీశాను. తప్పే" అన్నాడు యుగంధర్. "వీడియో తీసి పంపమని పాల్ అడిగాడు. ఆ రోజు నువ్వు చెప్పిన తీరుకీ నేను రోజూ చూసే తీరుకీ పొంతన లేదని నేనే అతనితో అన్నాను."

"నీకేటి తెలుసు నా తీరు?"

యుగంధర్ ఫోన్లో పాత వీడియో ఒకటి తీసి చూపించాడు. నిరుటి చలికాలం, నీలం బల్ల. ఎండు చేపలు తిరగేస్తున్న నూకరత్నం కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన వంగింది.

తెరమీద ఒక మనిషి నిటారుగా నిలబడి వస్తున్నాడు. కాళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి. బరువు ముందు కాలి మీద ఉంది. చేతులు వదులుగా వేలాడుతున్నాయి. కెరటం పొడవునా ఏటవాలుగా, తొందర లేకుండా, సంతనించి ఇంటికి నడిచి వస్తున్నట్టు వస్తున్నాడు. గిర్రున తిరగడం ఎక్కడా లేదు.

"ఇది నాను కాదు" అన్నాడు లక్ష్ముడు.

"నువ్వు కాక మరెవరు? ఆ నిక్కరికి మాసిక నానే ఏసినాను" అంది నూకరత్నం.

అతను ఇంకోసారి చూశాడు. మనసులో తను ఎప్పుడూ కుర్రాడిలా కెరటాన్ని కోసుకుంటూనే పోయాడు. తెరమీదున్నవాడు వాళ్ళ నాన్నలా ఉన్నాడు. తెప్ప మీద నిలబడి తెడ్డు వేసే మనిషిలా ఉన్నాడు. చూడగా చూడగా, వాడు అంత బాగోలేకపోలేదు.

"అయితే ఆ పిల్లోడికి అబద్దం సెప్పినావా, బావా?"

"ఆడు పొడుగుది అంటగట్టాలని సూసినాడే."

"కడితే కట్టినాడు. నీకది సరిపోతాదేమో!"

లక్ష్ముడు వదిలేసిన బల్ల తెచ్చుకోడానికి నీళ్ళకేసి నడిచాడు.

తర్వాతి ఆదివారం పాల్ వచ్చినప్పుడు, షెడ్డు వెనక్కి పిలిచి సగం ఒప్పుకున్నాడు. "ఆ రోజు నాను సెప్పింది... కొంచెం తేడాగా సెప్పినాను." పాల్ నవ్వలేదు. తిన్నగా దూరం పోయేవాడికి వెడల్పు బల్ల ఎందుకు మేలో విడమరిచి చెప్పాడు. అది బాగా తేలుతుంది, కెరటం ఇంకా లేవకముందే దాని మీదికి ఎక్కిస్తుంది, మనిషి కుదురుగా నిలబడొచ్చు. చెబుతూ చెబుతూ సముద్రం కేసి చూసి ఆగిపోయాడు.

"కానీ ఆ పసుపుది వద్దన్నా. మీ ఒడ్డు దగ్గర కెరటం గోడలా లేచి విరుగుతోంది. అంత పొడుగుదైతే ముక్కు గుచ్చుకుంటుంది. దానికన్నా కాస్త పొట్టిది, ముక్కు పైకి లేచింది వ్యాన్లో ఒకటుంది."

"మరి ఆ రోజు పసుపుదే సూపించినావు?"

"ఆ రోజు మీ కెరటం సరిగ్గా చూడలేదు. తప్పు నాదే."

అమ్మేవాడి నోట అలాంటి మాట లక్ష్ముడు ఎన్నడూ వినలేదు. "అయితే ముందు నువ్వెక్కి సూపించు" అన్నాడు. పాల్ చొక్కా తీసి నీళ్ళలోకి వెళ్ళి, రెండు మూడు కెరటాలు ఎక్కి, చివరిదాంట్లో పల్టీ కొట్టి, దగ్గుతూ వచ్చి బల్ల చేతిలో పెట్టాడు.

లక్ష్ముడు లోపలికి పోయాడు. పొట్ట కింద బల్ల తేలుతూనే ఉంది. వెనకనించి నీరు ఉబ్బి వస్తోందని నడుముకి తెలిసింది. రెండు తెడ్లు వేశాడో లేదో, కెరటం అతన్ని ఎత్తుకుంది. లేచి నిలబడ్డాడు. లేచిన ముక్కు నీటిని తోసుకుంటూ, ఒడ్డు వారనే ఏటవాలుగా, ఆరబెట్టిన వలలూ సరుగుడు తోటా దాటి తీసుకుపోయింది. చాలాసేపు ఏమీ అనుకోకుండా అలా నిలబడి ఉన్నాడు. ఒడ్డుకి చేరాక, ఇంకోసారి చూడాలని మాత్రం చెప్పి మళ్ళీ లోపలికి పోయాడు. పొద్దు వాలేదాకా రాలేదు.

తెల్ల బల్ల ఎచ్చెర్లలో చదువుకుంటున్న ఉషకి ఇచ్చారు. వరసకి లక్ష్ముడి అన్నకూతురు. సన్నగా, చురుగ్గా ఉండే పిల్ల. ఎక్కిన మొదటిరోజే కెరటాన్ని పైకీ కిందకీ కోసి, నురగ ఎగరగొట్టింది. లక్ష్ముడు నడుంలోతు నీళ్ళలో నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని అంతా చూశాడు.

"ఎడంపక్కకి లాగతన్నాదేటే?" అని కేకేశాడు.

"లేదు సిన్నాన్నా, బాగున్నాది!"

"బాగా సూసి సెప్పు!"

అప్పటికే ఇంకో కెరటం వచ్చింది. ఉష దానికేసి తిరిగిపోయింది.